స్టూలు మీద నుంచి లేవని రోజు

మీలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు ఉంటారు, చెయ్యబోయేవాళ్లు ఉంటారు. ఫలానాది కట్టాం, ఫలానాది నడిపాం, ఇంతమందికి చదువు చెప్పాం అని రేపు మీరు చెప్పుకుంటారు. నేను చెప్పుకోవాలంటే ఒకటే ఉంది. కూర్చున్నాను. సంగారెడ్డిలో ఒక కాలేజీలో ఆయాగా పనిచేశాను. ఊడ్చాను, కుండల్లో నీళ్లు నింపాను, గంట కొట్టాను. అవి ఎవరైనా చేస్తారు. సాయంత్రం ఆడపిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం మాత్రం నా ఒక్కదాని పని. కూర్చోవడం కూడా ఒక పనేనా అని నవ్వకండి. అదెంత కష్టమో చెబుతాను.

డెబ్బైల మొదటి సంవత్సరాలవి. పటాన్‌చెరు వైపు అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. మొన్నటిదాకా జొన్న చేను ఉన్నచోట ఇవాళ గోడ, రేపు పొగగొట్టం. మా కాలేజీలో ఆడపిల్లలు కొద్దిమందే ఉండేవారు. వాళ్లతో ఒక జట్టు కట్టి హైదరాబాదు తీసుకుపోవాలని మా గేమ్స్ సారుకు పట్టుదల. ఆయన మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. నవ్వితే ఎక్కడ హోదా తగ్గుతుందోనని ఆ నవ్వును మీసం కింద దాచుకునేవాడు. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేవాడు.

జట్టు సంగతి తెలియగానే పిల్లల తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ గది ముందు నిలబడ్డారు. "ఆడపోరగాండ్లు చున్నీలు నడుముకు కట్టి గట్ల ఎగురుడేంది సారూ? మగ సారు ఈల కొట్టుడేంది?" అని పంచాయితీ. ప్రిన్సిపాల్ మెత్తని మనిషి. ఆయన ఆలోచించి ఒక మాట చెప్పారు. "మా ఆయా కోర్టు పక్కనే కూర్చుంటుంది. ఆమె కూర్చున్నంతసేపే ఆట." వాళ్లు ఒప్పుకున్నారు. నన్ను అడిగినవాళ్లు లేరు. నేనూ ఏమీ అనుకోలేదు. ఊడ్చడం కంటే కూర్చోవడం నయం అనుకున్నాను.

ఒకసారి దాహమేసి కుండ దగ్గరికి వెళ్లాను. సరిగ్గా అప్పుడే ఒక పిల్ల అన్న వచ్చాడు. వచ్చి చూస్తే స్టూలు ఖాళీ. సారు, ఆడపిల్లలు తప్ప ఎవరూ లేరు. చెల్లెలి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఆ పిల్ల ఆటకే కాదు, కాలేజీకి కూడా మళ్లీ రాలేదు. ఆ రోజు నుంచి గేమ్స్ సారు మిలిటరీ కానూను పెట్టాడు. "బాయి బైఠీ తో గేమ్. బాయి లేస్తె విజిల్, ఆట బంద్." బాయి అంటే నేనే. నిజంగానే నేను లేచానంటే ఈల ఊదేవాడు. పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయేవారు. ఒకరి చెయ్యి గాలిలో, ఒకరి కాలు గాలిలో.

"ఆయమ్మా, లేవకు లేవకు!" అని అందరూ ఒకటే అరుపు. నాకు మంచినీళ్లు వాళ్లే తెచ్చేవారు. మేక వచ్చి కోర్టులో దూరితే వాళ్లే తోలేవారు. చీమ కుట్టిందని కొంచెం కదిలినా గుండెలు పట్టుకునేవారు.

మా గల్లీలో ఇంకో తమాషా జరిగింది. రోజూ సాయంత్రం ఎటు పోతున్నావని అడిగితే కోర్టుకు అని చెప్పేదాన్ని. పాపం, మా ఆయన మీద కేసు వేశాననుకున్నారు. "ఫైసలా అయిందా?" అని ఒకామె అడిగే దాకా నాకు తెలియదు.

మా ఆయన సంగతి చెప్పాలి. పెళ్లయిన రెండో ఏడు ఆయన బొంబాయి పోయాడు. మా వైపు చాలామంది పోయేవారు. కట్టుబడి పనులు, మిల్లు పనులు. రేకుపెట్టె భుజాన పెట్టుకుని చౌరస్తాలో లారీ ఎక్కాడు. ఎక్కే ముందు ఎడమ కాలి చెప్పు తీసి దులుపుకున్నాడు. అది ఆయనకు అలవాటు. ఎక్కడికి బయలుదేరినా అడుగు వేసే ముందు ఆ చెప్పు దులపాల్సిందే. రాయి ఉన్నా, లేకున్నా. "దీపావళికి వస్త" అన్నాడు. ఏ దీపావళికో చెప్పలేదు. పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఎవరిని అడిగినా, మొదట్లో కనబడేవాడు, తరువాత కనబడలేదు అని చెప్పారు. నా మెడలో పుస్తెలు ఉన్నాయి. పేరంటానికి పిలిచేవాళ్లు, పిలిచాక ఏమని పలకరించాలో తెలియక పక్కకు చూసేవాళ్లు. తెలిసినవాళ్లు దయతలిచి ఈ ఉద్యోగం పెట్టించారు. ఇప్పుడు పాత జైలు అంటున్నారే, దాని వెనక ఒక అర్ర కిరాయికి తీసుకున్నాను. పొద్దున ఒక్కసారి వండుకునేదాన్ని. ఒక్క మనిషి కోసం సాయంత్రం మళ్లీ పొయ్యి ఎందుకు వెలిగించడం? చల్లన్నం తిని పడుకునేదాన్ని. జైల్లో గంట కొట్టేవారు. లోపల మనుషులను లెక్కపెట్టుకునే గంట అది. ఆ వేళకు నా అర్రలోనూ నన్ను నేను ఒకటి అని లెక్కపెట్టుకునేదాన్ని.

ఇక మా కోర్టు. కాలేజీ వెనక మట్టి నేల. రెండు ఇనుప స్తంభాలు. వాటిని మా జట్టు కెప్టెన్ పిల్ల వాళ్ల నాన్న చేయించి ఇచ్చాడు. ఆయన కృష్ణా జిల్లా నుంచి ఫ్యాక్టరీ కొలువు మీద వచ్చిన ఫిట్టరు. వానలు ఆగి దసరా సెలవులు అయిపోయాక, పోటీలకు ముందు, అసలు అభ్యాసం మొదలయ్యేది. అప్పుడు నేల ఎండి దుమ్ము లేచేది. పిల్లలు దగ్గేవారు. చూడలేక, ఇంటి ముందు చల్లినట్టే పొద్దున్నే పెండ నీళ్లు కలిపి కోర్టంతా సాన్పు చల్లాను. దారం పట్టి సున్నంతో గీతలు గీశాను. ముగ్గు వేసిన చెయ్యి కదా, గీత వంకర పోలేదు.

సాయంత్రం కెప్టెన్ వచ్చి ముక్కు మూసుకుంది. "ఆయమ్మగారూ, ఇది కోర్టా, గొడ్ల సావిడా అండీ?"

జట్టులో పొడుగు పిల్ల ఒకతి ఉండేది. ఆమె అందుకుంది. "మా దిక్కు గొడ్ల కొట్టం అంటరు. నువ్వు ఏ పేరు పెట్టినా వాసన గదే."

అందరూ నవ్వారు. సారు ముందు కోపంగా చూశాడు. తరువాత కాలితో నేలను తట్టి చూశాడు. దుమ్ము లేవలేదు. "అచ్ఛా హై" అన్నాడు. అంతే, రోజూ సాన్పు చల్లడం నా పని అయింది. పొర మీద పొర పడి నేల పరుపులా అయింది. దాంతో ఇంకోటి జరిగింది. బంతి కిందకు కొడితే మోకాలు దాకా కూడా లేచేది కాదు. "గేంద్ మర్ గయా, బంతి సచ్చింది" అని సారు నెత్తి పట్టుకుని, కింద కొట్టడం మానేసి చేతుల మీదే తిప్పమన్నాడు. పిల్లలు అలాగే నేర్చుకున్నారు. ఒకరి చేతిలో నుంచి ఇంకొకరి చేతిలోకి, కిందపడకుండా. ఆట అంటే అదే అనుకున్నాను నేను.

ఆ పొడుగు పిల్లది ఇస్మాయిల్‌ఖాన్‌పేట అవతల ఒక పల్లె. తరతరాలుగా వాళ్లది కూలి బతుకు. తండ్రి అప్పుడే పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో మోతపనికి కుదిరాడు. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆమే మొదలు. ఎగిరిందంటే పైన ఇనుప రింగుకు చెయ్యి తగులుతుందేమో అనిపించేది. కాని వాళ్ల ఊరికి చివరి బస్సు చీకటి పడకముందే. సగం ఆటలో పుస్తకాలు చంకన పెట్టుకుని ఉరికేది. సారు కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. చివరకు చెప్పేశాడు. "సగం ప్రాక్టీస్ చేసేటోళ్లకు టీముల జాగ లేదు, బేటీ."

ఆ పిల్ల ఏడవలేదు. కోర్టు బయట నిలబడి, మిగతావాళ్లు ఆడుతుంటే చూసింది. ఆ చూపు నాకు తెలుసు. బస్సు దిగుతున్నవాళ్లలో మనిషిని వెతికే చూపు అది.

మర్నాడు వాళ్ల నాయన వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒళ్లంతా సిమెంటు బూడిద. నా స్టూలు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏం చెల్లె, మా పోరి మంచిగ ఆడుతదా?"

"మంచిగ ఆడుతది అన్నా. బస్సుకే గాని లేకుంటే టీముల ఉండేది."

"రాత్రి ఏడ ఉంచాలె మరి? హాస్టల్ల జాగ లేదంటున్నరు."

నా నోట్లో నుంచి మాట దానంతట అదే వచ్చింది. "నా అర్రల ఉంటది. నేను ఒక్కదాన్నే."

ఆయన నా మెడలోకి చూశాడు. "మీ ఇంటాయన?"

"బొంబాయిల."

"ఎప్పుడస్తడు?"

"వస్తడు."

ఆయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "అన్నా అంటివి. ఇగ నేను ఏమంట? పందేలు షురువయ్యేదాంక నీ తానే ఉంచు" అన్నాడు. తరువాత వారం జొన్నపిండి సంచి తెచ్చి గడపలో పెట్టి పోయాడు. నేను ఆయన్ని అన్నా అన్నాను కాబట్టి ఆ పిల్ల నన్ను అత్తమ్మా అనడం మొదలుపెట్టింది. నన్ను ఎవరైనా వరసపెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో.

సాయంత్రం పొయ్యి వెలిగించాను. చాలా రోజులకు వెలిగించాను కదా, పొగ ఎటుపోవాలో తెలియనట్టు అర్రంతా తిరిగింది. ఇద్దరం దగ్గి దగ్గి నవ్వుకున్నాం. నేను రొట్టె కొడుతుంటే ఆమె ఉల్లిగడ్డ పట్టుకుని మూలన ఉన్న బుట్టలోకి విసిరేది. గురి తప్పకుండా పడేది. "అత్తమ్మా, నీ అర్రల దూలం రింగు అంత ఎత్తు లేదు, లేకుంటే ఈడనే ప్రాక్టీస్ చేద్దును" అనేది. ఇంట్లో ఇంకొక మనిషి ఊపిరి వినబడుతుంటే నిద్ర ఎలా పడుతుందో నేను మరిచిపోయాను. మళ్లీ గుర్తొచ్చింది.

ఒక రోజు రొట్టె తింటూ అడిగింది. "అత్తమ్మా, మేం ఆడేటప్పుడు నువ్వు ఎవల దిక్కు సూస్తవు?"

"అందరి దిక్కు."

"అబద్ధం. నువ్వు సడక్ దిక్కు సూస్తవు. నేను రింగుల బంతి ఏసి నీ దిక్కు తిరిగితే నీ కండ్లు ఏడనో ఉంటయి."

మా కాలేజీ ఉన్నది కొంచెం ఎత్తు మీద. స్టూలు వేసిన చోటు నుంచి చూస్తే దూరంగా బొంబాయి సడక్ కనబడేది. లారీలు, బస్సులు. చౌరస్తా దగ్గర ఆగేవి, మనుషులు దిగేవారు. అంత దూరం నుంచి ముఖాలు కనబడవు. నడక కనబడుతుంది. ఆ స్టూలు మీద కూర్చున్న మొదటి రోజు నుంచి నేను చూస్తున్నది ఆ నడకలనే. పిల్లలను కాయడానికి పెట్టారు నన్ను. నేను కాసింది సడక్‌ను.

మర్నాడు నేను కోర్టుకు వచ్చేసరికి ఆ పిల్ల స్టూలును అటువైపు మార్చి పెట్టింది. సడక్‌కు వీపు పెట్టి కూర్చునేలాగా. "ఇయ్యాల్టి సంది ఇట్ల కూసో" అంది. చిన్నపిల్ల నన్ను ఏలుతోందని కోపం వచ్చింది. వచ్చినా కూర్చున్నాను. ఆ రోజే నేను మొదటిసారి ఆట చూశాను. కెప్టెన్ బంతి ఇచ్చే ముందు కనుబొమలు ఎగరేస్తుందని, ఇంకో పిల్ల రింగు దగ్గరికి పోగానే నాలుక బయటపెడుతుందని, మా పొడుగు పిల్ల ఎగిరాక గాలిలో ఒక క్షణం ఆగినట్టు ఉంటుందని అప్పుడే తెలిసింది. వీపు మాత్రం వింటూనే ఉండేది. లారీ బ్రేకు వేస్తే మెడ లాగేది. మెల్లగా ఆ లాగడం కూడా తగ్గుతూ వచ్చింది.

పోటీలు దగ్గర పడ్డాయి. హైదరాబాదు తీసుకుపోయే పిల్లలను ఏరాలి. అక్కడ సిమెంటు కోర్టు మీద ఆడాలి, ఒక్కసారైనా సిమెంటు చూపించాలని సారు తాపత్రయం. కెప్టెన్ నాన్న తమ ఫ్యాక్టరీ కాలనీలో కోర్టు అడిగి పెట్టాడు, వ్యాను కూడా పంపాడు. అది పటాన్‌చెరు దాటాక, బొంబాయి సడక్ పక్కనే. వ్యాను మీద నా స్టూలును కూడా కట్టారు. అక్కడ కుర్చీలు ఉంటాయండీ అని కెప్టెన్ అంటే, "కానూను అంటె కానూను" అన్నాడు సారు.

పొడుగు పిల్ల నాయన ముందు రోజే కబురు చేశాడు. ఊళ్లో పాలివాళ్లు, అదే దాయాదులు, సూటిపోటి మాటలు అంటున్నారట. పరాయి ఊరికి పిల్లను ఎగరడానికి పంపుతావా అని. "నేను అచ్చి నా కండ్లతోని సూస్త. మంచిగనిపిస్తే పట్నం పోనిస్త. లేకుంటే ఆడికెళ్లి ఆడికే ఇంటికి తోల్కపోత. కాలేజీ గీలేజీ బంద్." ఆ పిల్ల ఆ రాత్రి ఉల్లిగడ్డ విసరలేదు. రొట్టె సగం వదిలేసింది.

కాలనీలో దిగేసరికి ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, భుజాన తువ్వాలు, చేతులు కట్టుకుని. మా పిల్లలు సిమెంటు మీదికి దిగారు. బంతి కింద పడింది. పడిందే తడవు కెప్టెన్ నుదుటి దాకా లేచింది. అందరూ బెదిరి వెనక్కి దుమికారు. మా కోర్టు మీద మోకాలు దాటని బంతి ఇక్కడ పిచ్చి పట్టినట్టు ఎగురుతోంది. కాలనీ ఆడపిల్లలు వరుసగా కూర్చుని ఒకటే నవ్వు. "బంతికి భయపడతారేంటే వీళ్లు!" అని ఒకతె. సారు నా వైపు చూశాడు. నాకు అప్పుడు తెలిసింది, నా సాన్పు ఏం చేసిందో. స్టూలుతో సహా భూమిలోకి దిగిపోతే బాగుండును అనిపించింది.

నా స్టూలును నీళ్ల ట్యాంకు నీడలో వేశారు. నీడ అక్కడ ఒక్కచోటే ఉంది. ఎదురుగా కోర్టు, దాని వెనక పొట్టి గోడ, గోడ అవతల సడక్. పొడుగు పిల్ల వచ్చి అటూ ఇటూ చూసింది. స్టూలును అవతలి పక్కకు మారుద్దామంటే అక్కడ ఎండ. "ఏం కాదు పో" అన్నాను.

ఆమె వెళ్లి అందరినీ దగ్గరికి పిలిచింది. నాకు వినబడింది. "కింద పడితే గదా ఎగిరేది? పడనియ్యకుండ్రి. మన కొట్టంల ఆడినట్టే ఆడుండ్రి." కాలనీ పిల్లలతో చివరి ఆట మొదలైంది. సారు ఆ ఆట చూశాకే పేర్లు చెబుతానన్నాడు. ఇక మా పిల్లలు బంతిని నేల మీదికి పోనివ్వలేదు. చేతి నుంచి చేతికి, చేతి నుంచి చేతికి. నవ్వేవాళ్లు నవ్వు ఆపి ముందుకు జరిగి కూర్చున్నారు. గేటు దగ్గర ఆయన కట్టుకున్న చేతులు విప్పాడు.

అప్పుడు గోడ అవతల లారీ ఆగింది. బొంబాయి వైపు నుంచి వచ్చిన లారీ. ఒక మనిషి దిగాడు. భుజాన రేకుపెట్టె. నేను చూడకూడదనే అనుకున్నాను. లారీ కదిలిపోయింది. ఆ మనిషి పెట్టె దించాడు, నడుముకు తువ్వాలు బిగించాడు. వంగి, ఎడమ కాలి చెప్పు తీసి దులిపాడు.

నేను లేచాను. లేచానని నాకు తెలియదు. మోకాళ్లు సగం దాకా లేచాయి. ఆ సగంలో నాకు అన్నీ కనబడ్డాయి. సారు ఈల నోట్లో పెట్టుకున్నాడు, బుగ్గలు నిండాయి. మా పొడుగు పిల్ల బంతి అందుకుంది, గాలిలోకి లేవబోతోంది. గేటు దగ్గర వాళ్ల నాయన ఆట మీద నుంచి ముఖం నా వైపు తిప్పబోతున్నాడు. ఇప్పుడు ఈల పడితే, నన్ను చూసి ఒప్పుకున్న మనిషి ముందు నేను ఎవరో మగమనిషి వెనక సడక్ మీదికి ఉరికితే, ఆ పిల్ల ఇటునుంచి ఇటే ఊరికి పోతుంది.

ఎవరినైనా పంపి ఉండొచ్చు కదా అంటారు మీరు. కెప్టెన్ నాన్న నాలుగు అడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆయనతో ఏమనాలి? అయ్యా, అక్కడ ఉన్నది నా మొగుడేమో చూసి రండి అనా? ఇన్నేళ్లు వస్తాడు వస్తాడు అని అందరికీ చెప్పిన నోరు అది. ఆ మాట రాలేదు.

కూర్చున్నాను.

సారు బుగ్గల్లో గాలి ఊదకుండానే వదిలేశాడు. ఆ పిల్ల ఎగిరింది. బంతి ఇనుప రింగు మీద ఒక్క చుట్టు తిరిగి లోపల పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. గోడ అవతల పట్నం పోయే బస్సు ఒకటి వచ్చి ఆగింది. అది కదిలాక అక్కడ మనిషి లేడు, పెట్టె లేదు. ఎక్కాడో, అవతలికి దాటాడో తెలియదు.

ఆట అయ్యాకనే లేచాను. గేటు బయట చాయ్ హోటలు ఉంటే వెళ్లి అడిగాను. "ఇందాక పెట్టె పట్టుకుని ఒకాయన దిగిండు కదా, ఎటు పోయిండు?"

"మస్తుమంది దిగుతరమ్మా. గాయన ఎట్లుంటడు?"

చెబుదామని నోరు తెరిచాను. ఎలా ఉంటాడు? పోయినప్పుడు మీసం సన్నగా ఉండేది. జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు ఎలా ఉంటాడో నాకేం తెలుసు? చెప్పు దులుపుకుంటాడు అని చెప్పాలా? ఏమీ లేదులే అని వెనక్కి వచ్చేశాను.

గేటు దగ్గర పొడుగు పిల్ల నాయన ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "చెల్లె, పోరిని పట్నం పోనిస్తున్న. ఆట సంగతి నాకేం ఎరుక? నిన్ను సూసిన. గంతసేపు రాయి లెక్క కూసున్నవు, జెర కూడ కదలకుంట. గిట్ల కూసునే మనిషి ఉంటె నాకేం ఫికర్?" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. ఆయన కూడా నవ్వాడు.

వ్యానులో తిరిగి వస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ లారీ బొంబాయి వైపు నుంచి కదా వచ్చింది. అటునుంచి వచ్చే మనిషి సంగారెడ్డి చౌరస్తా దాటకుండా ఇక్కడికి రాలేడు. ఆ మనిషి ఆయనే అయితే, నన్ను దాటుకుని వచ్చి ఇక్కడ దిగాడన్నమాట. ఆయన కాకపోతే, ఎవరో తెలియని మనిషి చెప్పు దులుపుకున్నాడు. రెండిట్లో ఏది నిజమైతే బాగుండునో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పోటీల సంగతి అడుగుతారు కదా. ఒక ఆట గెలిచారు, రెండోది ఓడారు. నేను చూడలేదు. పట్నానికి లేడీ లెక్చరర్ వెంట వెళ్లింది, అక్కడ ఆయా అవసరం లేదన్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు అభ్యాసాలు ఎన్ని చూశానో, అసలు పందెం ఒక్కటీ చూడలేదు. తిరిగి వచ్చాక పొడుగు పిల్ల చెప్పింది. "అత్తమ్మా, ఆడ సూస్తందుకు మస్తుమంది కూసున్నరు. లేస్తున్నరు, పోతున్నరు, అస్తున్నరు. అయినా ఆట ఆగుతలేదు. నాకు ఇచ్చిత్రమనిపించింది." కొన్నాళ్లకు ఆమెకు హాస్టల్లో చోటు దొరికింది. దుప్పటి, పుస్తకాలు తీసుకుని వెళ్లింది. చదువు పూర్తి చేసుకుంది. కోర్టు మీద సాన్పు సారు మాన్పించాడు. దుమ్ము లేచినా సరే అన్నాడు. గీతలు మాత్రం నేనే గీసేదాన్ని. తరువాతి ఏడు కొత్త పిల్లలు స్టూలు తెచ్చి సడక్ వైపు వేయబోతే, ఇటు తిప్పండమ్మా అన్నాను.

కాలనీ నుంచి వచ్చిన ఆ సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. పొయ్యి వెలిగించాను. ఆ పిల్ల సంతోషంతో ఒకచోట నిలవడం లేదు. పెట్టెలో ఏం సర్దుకోవాలి, పట్నంలో ఏం తింటారు అని వాగుతోంది. వాగుతూ వాగుతూ ఆగింది.

"అత్తమ్మా, నేను ఎగిరేటప్పుడు నువ్వు లేవబోయినవు. నేను సూసిన. ఇగ ఈల పడుతది, అయిపాయె అనుకున్న. ఏమైంది?"

"కాలు తిమ్మిరెక్కింది బిడ్డా."

"ఏ కాలు?"

"కుడిది."

ఆమె పీట జరుపుకుని నా ముందు కూర్చుంది. నా కుడి పాదం తీసి ఒళ్లో పెట్టుకుంది. బంతి పట్టే చేతులు, పెద్ద చేతులు. మడమ నుంచి వేళ్ల దాకా మెల్లగా రుద్దింది. "ఇప్పుడు తగ్గిందా?" అంది.

తగ్గిందంటే చెయ్యి తీసేస్తుంది.

"ఇంకా లేదు" అన్నాను. పెనం మీద రొట్టె మాడుతున్నా లేవలేదు.